అన్ని ఫైళ్ళకూ ఒకే తేదీ

ప్రధాన కార్యాలయం, రెండో అంతస్తు
ఫిబ్రవరి 5

అన్నయ్యగారికి,

కవరు మీద చేతిరాత చూసి మీరు ఒకసారి వెనక్కి తిప్పి ఉంటారు. అనుమానం అక్కర్లేదు, నేనే. మీ తోడల్లుణ్ణే. రెండేళ్ళుగా మన మధ్య మాటల్లేవు. కావలసిన కబుర్లన్నీ అక్కాచెల్లెళ్ళ ఫోన్లలో నడిచిపోతున్నాయి కాబట్టి ఇన్నాళ్ళూ మనకి ఒకరితో ఒకరికి పని పడలేదు. ఇప్పుడు పడింది.

మీ పంపుహౌసు పని చీఫ్ ఇంజనీరుగారు నాకు అప్పజెప్పారు. తొమ్మిది పంపులు, తొమ్మిది కంట్రోలర్లు, ఒక్కోదానికి ఒక మెమరీ కార్డు. కరెంటు రాగానే పంపుని నడిపే కంట్రోలరు ఆ కార్డులోంచే లేస్తుంది. కార్డు పాడైతే మీరొక్కరే గదిలో తలుపేసుకుని ఒకటిన్నర రోజు కూర్చుని చేత్తో ఇంకోటి తయారు చేస్తారు. ఎలా చేస్తారో నరమానవుడికి తెలియదు. మీకు జలుబు చేస్తే ఊరికి నీళ్ళుండవు. ఇది చీఫ్‌గారి మాట, నాది కాదు.

నేనొక కమాండ్ రాస్తున్నాను. పేరు అచ్చు. ఏమేం కావాలో ఒక చీటీ ఫైల్లో రాసి, ఒక్క లైను కొడితే చాలు. మెషీన్ని లేపే బూట్ భాగం, దాన్ని నడిపే కెర్నలు, ఫైళ్ళన్నీ కలిసి ఒకే ఇమేజ్‌గా, అంటే కార్డుకి పూర్తి నకలుగా తయారవుతాయి. దాన్ని కార్డులోకి దింపితే మెషీను లేచి నిలబడుతుంది. ఇటుకల అచ్చులాగే, ఎన్నిసార్లు పోసినా అదే ఇటుక రావాలి.

దానికి మీ నల్ల అట్ట నోటుబుక్కు జిరాక్సు కావాలి. అడగడం కాదు, ఆర్డరు. ఆఫీసు కాగితం వేరే పెట్టాను.

మీ
తోడల్లుడు


పంపుహౌసు క్వార్టర్స్
ఫిబ్రవరి 11

తమ్ముడికి,

అడిగే నోరు లేక ఆర్డరు పట్టుకొచ్చావు. సంతోషం.

జిరాక్సు పంపుతున్నాను. పందొమ్మిదేళ్ళ నోటుబుక్కు, నలభై ఒక్క మెట్లు. అక్కడక్కడా గ్రీజు మరకలుంటాయి, కంగారుపడకు, పనిచేసేవాళ్ళ పుస్తకాలు అలాగే ఉంటాయి. నీ కమాండ్ పనికొచ్చిందే అనుకో, నా గదికి తాళం పడుతుంది. గది పోతే క్వార్టరు పోతుంది. క్వార్టరు పోతే మీ వదిన ఎనిమిదేళ్ళు నీళ్ళు పోసిన నిమ్మచెట్టు ఎవరి పాలవుతుందో! మా అన్నయ్య నాకేం ద్రోహం చేశాడని నువ్వు ఒక్క నిమిషం కూడా ఆలోచించి ఉండవు. నా మెడకి తాడు నన్నే పేనిమ్మంటున్నావు. పేనాను, తీసుకో.

ఒక్క ప్రశ్నకి మాత్రం వెటకారం లేకుండా జవాబు రాయి. మీ ఇంట్లో ఉన్న అత్తయ్యగారికి డయాలిసిస్ ఎలా జరుగుతోంది? ఫోన్లో మీ వదినతో అన్నీ బాగున్నాయనే అంటారు. ఆవిడ ఇల్లు తగలబడుతున్నా బాగుందనే అంటారు.

అన్నయ్య


ప్రధాన కార్యాలయం, రెండో అంతస్తు
ఫిబ్రవరి 27

అన్నయ్యగారికి,

ముందు అత్తయ్యగారి సంగతి. మంగళ, గురు, శనివారాలు నేనే ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. విసుగొచ్చినప్పుడు నర్సులకి మన ఇద్దరి కథ చెప్తున్నారు. నర్సులు ఎవరి పక్షమో నేను అడగలేదు.

ఇక మీ గ్రంథం. పన్నెండో మెట్టు: "కార్డు పెట్టి, వెళ్ళి టీ తాగి రావలెను." నేను మూడు రోజులు తల పట్టుకున్నాను. చివరికి అర్థమైంది, రాయడం పూర్తయ్యేదాకా కార్డు పీకకూడదని మీ ఉద్దేశం. ఆ మాటే రాయొచ్చుగా? నా కమాండ్ టీ తాగదు, రాసినదంతా తిరిగి చదివి సరిచూసుకుని, అప్పుడు పీకమంటుంది. అలా మీ నలభై ఒక్క మెట్లలో ముప్పై ఎనిమిది లోపలికి వెళ్ళిపోయాయి, రెండు అనవసరం. ఒకటి మిగిలింది.

ముప్పై ఒకటో మెట్టు: "మెషీను లేచాక గడియారం చూసి తేదీ, టైము చేత్తో పెట్టవలెను. ఇది మరిస్తే పని చేయనట్టే." కింద రెండుసార్లు గీత గీశారు. ఎందుకు? కంట్రోలర్లలో గడియారముంది, దానికి బ్యాటరీ ఉంది. ఒక్క లైను జవాబు చాలు.

మొదటి కార్డూ, కమాండూ జతచేశాను. నెట్ లేని చోటు కాబట్టి పోస్టులోనే. వాడి చూసి చెప్పండి.

తోడల్లుడు


పంపుహౌసు క్వార్టర్స్
మార్చి 6

తమ్ముడికి,

వాడి చూశాను. నీ కార్డు లేవలేదు. సరే, నేనే కట్టుకుందామని నీ కమాండ్ కొట్టాను. నల్ల తెర మీద ఒకే ఒక్క ముక్క వచ్చింది: "తప్పు 22." ఎవరి తప్పు? మిగతా ఇరవై ఒకటీ ఎక్కడ? ఇంటికొచ్చినవాడి మొహాన తలుపేసినట్టుంది. మనిషి రాసిందా, మేకు రాసిందా?

నీ పనితనం గదిలో అందరికీ చూపించాను. ఫిట్టరు, గేటు వాచ్‌మన్, ఎలక్ట్రీషియను. అందరూ నవ్వారు.

ముప్పై ఒకటో మెట్టు ఎందుకో రాసినవాడికి తెలుసు. నువ్వు తెలివైనవాడివి, తెలుసుకో.

అన్నయ్య


ప్రధాన కార్యాలయం, రెండో అంతస్తు
మార్చి 19

అన్నయ్యగారికి,

మీరు నా కార్డు పక్కన పడేసి సొరుగులోని పాత చిన్న కార్డు పెట్టి కమాండ్ కొట్టారు. ఇమేజ్ అందులో పట్టదు. తప్పు 22 అంటే అదే. ఇప్పుడు మార్చాను: "ఈ కార్డు చిన్నది. ఇంకాస్త పెద్దది పెట్టండి. దీని మీద ఇంకా ఏమీ రాయలేదు." చాలా? ఇంకా మర్యాద కావాలంటే కుర్చీ వేసి కూర్చోబెట్టమంటాను.

మొదటి కార్డు లేవకపోవడం మాత్రం నా తప్పే. బూట్ భాగానికి గుర్తు పెట్టడం మర్చిపోయాను. ఒప్పుకోవడం నాకు చేతనవును.

మీలాంటివాళ్ళ కోసమే ఇంకోటి చేర్చాను. పొరపాటున కంప్యూటరు సొంత డిస్కు పేరు ఇచ్చినా దాని మీద రాయదు, మొండికేస్తుంది. పైగా ఒకే చీటీతో ఇవాళ కట్టినా, వచ్చే ఏడాది కట్టినా అక్షరం పొల్లుపోకుండా అదే ఇమేజ్ వస్తుంది. రెండిటినీ పోల్చి చూస్తే ఎవరైనా మధ్యలో చెయ్యి పెట్టారో లేదో తెలిసిపోతుంది.

ముప్పై ఒకటో మెట్టు తీసేశాను. కారణం అడిగాను, మీరు చెప్పలేదు. కారణం లేని మెట్టుకి నా చీటీలో చోటు లేదు.

తోడల్లుడు


పంపుహౌసు క్వార్టర్స్
ఏప్రిల్ 2

తమ్ముడికి,

కడుపు మండుతూ రాస్తున్నాను. పనిచేసింది. తొమ్మిది కార్డులు, ఒక్కోదానికి ఆరు నిమిషాలు. తొమ్మిదీ లేచాయి. ఫిట్టరు చప్పట్లు కొట్టాడు, వెధవ. నిన్నటిదాకా నా టీ తాగినవాడు.

ఒక సంగతి అడుగుతాను. లేచాక ఫైళ్ళ జాబితా చూడటం నా అలవాటు. ఏది ఎప్పుడు మారిందో తేదీలు చెప్తాయి. నీ దాంట్లో చిన్నా పెద్దా అన్ని ఫైళ్ళకీ ఒకటే తేదీ. రెండేళ్ళ కిందటి జూన్ 19. తొమ్మిదింటిలోనూ అంతే. ఆ రోజు ఈ ఫైళ్ళు పుట్టనే లేదు. ఏమిటీ తేదీ?

అన్నయ్య


ప్రధాన కార్యాలయం, రెండో అంతస్తు
ఏప్రిల్ 10

అన్నయ్యగారికి,

ఫైలుకి అది పుట్టిన తేదీ అంటుకుని ఉంటుంది. ఇవాళ కడితే ఇవాళ్టిది, రేపు కడితే రేపటిది. తేదీలు వేరైతే ఇమేజ్‌లు వేరవుతాయి, పోల్చడానికి వీలుండదు. అందుకని అన్నిటికీ కలిపి ఏదో ఒక పాత తేదీ గట్టిగా కొట్టేస్తాం. ఏదైనా ఒకటే. నాకు అది గుర్తొచ్చింది, పెట్టాను.

ఆ తేదీ చూస్తే మీకేమీ గుర్తు రాలేదా?

మే 13 నుంచి వారం రోజులు పరీక్ష. మీరు పంపుల గదిలో అడుగు పెట్టకూడదు. మీరు లేకుండా నడుస్తుందా లేదా అన్నదే పరీక్ష.

తోడల్లుడు


పంపుహౌసు క్వార్టర్స్
మే 2

తమ్ముడికి,

ఏమీ గుర్తు రాలేదు. నాకు గుర్తుంచుకోవడానికి తొమ్మిది పంపులున్నాయి.

పరీక్ష వారం ఇంట్లోనే ఉంటాను. గది తాళంచెవి ఫిట్టరుకి ఇస్తాను. నువ్వూ, నీ అచ్చూ, ఊరూ ఊరి నీళ్ళూ సుఖంగా ఉండండి.

అన్నయ్య


ఆస్పత్రి వరండా
మే 18

అన్నయ్యగారికి,

తాపీగా కూర్చుని చదవండి. మీకు తీరిక బాగానే ఉందిగా.

గురువారం పొద్దున ఏడింటికి మీ దగ్గర కరెంటు పోయి, ఏడున్నరకి వచ్చింది. తొమ్మిది కంట్రోలర్లూ చక్కగా లేచాయి. లేచి, ఇవాళ ఆదివారం అనుకున్నాయి. ఆదివారం పంపులన్నిటికీ మరమ్మతు సెలవు కాబట్టి తొమ్మిదీ తిరగకుండా కూర్చున్నాయి. ఫిట్టరు బటన్లన్నీ నొక్కాడు, లోపం ఎక్కడా లేదని తెర మీద చూపించిందట. లోపం లేదు మరి. సెలవు రోజు.

నిన్న నేను వచ్చి కంట్రోలర్లు విప్పాను. తొమ్మిదింటి గడియారం బ్యాటరీలూ చచ్చి ఉన్నాయి, నాలుగేళ్ళ కిందటివి. బ్యాటరీ లేకపోతే మెషీను లేవగానే తన దగ్గరున్న ఫైలు తేదీనే ఇవాళ అనుకుంటుంది. ఏప్రిల్లో కార్డులు మార్చినప్పుడు మీరు మీ అలవాటు ప్రకారం టైము పెట్టేశారు కాబట్టి నడిచింది. ముప్పై ఒకటో మెట్టు ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఒక్క లైను అడిగాను మిమ్మల్ని. ఒక్క లైను!

పదింటికి ఆస్పత్రి తొట్టి ఖాళీ అయింది. నీళ్ళు లేకుండా డయాలిసిస్ జరగదు. పద్నాలుగు మందిని వెనక్కి పంపేశారు. అందులో అత్తయ్యగారు ఒకరు. తొట్టి మళ్ళీ నిండేలోపే, సాయంత్రానికి ఊపిరాడలేదు. కాళ్ళు దిండ్లలా ఉబ్బాయి. రెండు రోజులుగా వార్డులో ఉన్నారు, గండం గడిచిందని ఇవాళ పొద్దునే చెప్పారు. నా భార్య గోడకి తల ఆనించి నిలబడే ఉంది.

జూన్ 3న విచారణ. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతుందని చీఫ్‌గారు మొహం మీదే చెప్పారు. "నువ్వు తెలివైనవాడివి, తెలుసుకో" అని మీరు రాసిన మార్చి 6 ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది.

తోడల్లుడు


పంపుహౌసు క్వార్టర్స్
మే 22

తమ్ముడికి,

నీ ఉత్తరాలు నా దగ్గరా ఉన్నాయి. "కారణం లేని మెట్టుకి నా చీటీలో చోటు లేదు" అన్నది చక్కటి దస్తూరీ, చీఫ్‌గారికి కళ్ళజోడు లేకుండానే కనపడుతుంది. బ్యాటరీల కోసం నాలుగేళ్ళలో రెండుసార్లు అర్జీ పెట్టాను, నకళ్ళున్నాయి. మీ ఆఫీసు నుంచి ఒక్క ముక్క రాలేదు. ఇవ్వనిదానికి నేను చేత్తో అతుకేసుకుంటూ వచ్చాను. ఆ అతుకు పీకింది నువ్వు.

నన్ను నిలదీసేవాళ్ళు లేరనుకోకు, మీ వదిన నిలదీసింది. అమ్మకి ఏమైనా అయితే నా మొహం చూడనంది. మీ ఇద్దరి పంతానికి మా అమ్మేనా దొరికిందంది. నాలుగు రోజులుగా ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాట లేదు.

సరే, నా సంగతి ఉంచు. చీఫ్‌గారు నిన్నూ ఒకటి అడుగుతారు. ఏ తేదీ అయినా ఒకటే అన్నావు. సోమవారం పెట్టి ఉంటే తొమ్మిది పంపులూ తిరిగేవి. తిరిగి తిరిగి ఆ ఆదివారమే ఎందుకు పెట్టావు? గుర్తొచ్చిందంటే ఊరుకోరు. నేనూ ఊరుకోను. ఏమిటా జూన్ 19?

అన్నయ్య


ఇల్లు
మే 25

అన్నయ్యగారికి,

అత్తయ్యగారు ఇంటికొచ్చారు. గంజి తాగుతున్నారు.

అడిగారు కాబట్టి చెప్తాను. ఆ ఆదివారం అత్తయ్యగారింట్లో అందరం భోజనాలకి చేరాం. అచ్చు మొదటి ముక్క ముందురోజే పనిచేసింది. మీకు చూపిద్దామని కంప్యూటరు సంచిలో పెట్టుకొచ్చాను. అవును, మీకే. మెషీన్ల గురించి తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో మీరొక్కరే. మా ఆవిడ మేనమామగారు నన్ను ఏం చేస్తావు బాబూ అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు మీరు అందుకున్నారు: "మావాడు టైపు కొడతాడండీ. నల్ల తెర మీద తెల్లక్షరాలు. ఎందుకో కొట్టినవాడికే తెలీదు."

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నా భార్య నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను! సంచి విప్పలేదు. ఇంటికెళ్ళి అచ్చులో తేదీ పెట్టాల్సిన చోట ఆ రోజు తేదీ పెట్టాను. ఎప్పటికైనా మీ పంపులన్నీ దీంతోనే లేవాలి, లేచినప్పుడల్లా మీకు ఆ తేదీ కనపడాలి, మీ మొహం మాడాలి. అదే నా కోరిక.

మీ మొహం మాడలేదు. మీకు గుర్తే లేదు. రెండేళ్ళు కుళ్ళిపోయింది నేనొక్కణ్ణే.

ఆ పంతంతోనే వారం చూసుకోలేదు. అది ఆదివారమని ఊళ్ళో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను. విచారణలో ఇదే రాసి ఇస్తాను. మీ ఉత్తరం ఇస్తానో లేదో ఇంకా అనుకోలేదు.

తోడల్లుడు


పంపుహౌసు క్వార్టర్స్
మే 30

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎంత ఆలోచించినా ఆ మాట అన్నట్టు గుర్తు రాలేదు. మీ వదినని అడిగాను. అన్నారండీ, పప్పు వడ్డిస్తూ నేను విన్నాను అంది. అప్పుడే ఎందుకు చెప్పలేదే అంటే, మీరు అలాంటివి రోజుకి నాలుగంటారు, ఏదని చెప్పను అంది.

ఇప్పుడు నాది విను. నువ్వు రాసినదాంట్లో ఒకటి తక్కువుంది. అది నీకు తెలియదు.

ఆ గురువారం ఏడున్నరకి కరెంటొచ్చింది. నేను వాకిట్లో నిమ్మచెట్టు కింద కూర్చుని ఉన్నాను. పందొమ్మిదేళ్ళుగా ఆ పంపుల మోత వింటూ నిద్రపోయి, వింటూ లేచినవాణ్ణి. ఒక్క పంపూ మోగలేదు. ఎందుకు మోగలేదో అప్పుడే తెలిసింది. గది నూట పది అడుగుల దూరం. వెళ్ళలేదు. టీ పెట్టించుకున్నాను. ఇంకోటి పెట్టించుకున్నాను. కానీయ్, వాడి అచ్చు ఊరందరి ముందూ బోర్లా పడనీయ్ అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ మూడు గంటలూ నాకు హాయిగా ఉంది.

పదిన్నరకి మీ వదినకి ఫోనొచ్చింది. అమ్మని వెనక్కి పంపేశారట అంది. చెప్పుల్లేకుండా పరిగెత్తాను. గడియారం చూసి తొమ్మిదింటికీ చేత్తో టైము పెట్టాను. కంగారులో ఒకదానికి నెల తప్పు కొట్టాను. ఆ రోజు గురువారమని పొద్దున లేస్తూనే తెలుసు నాకు. గురువారం ఆవిడ డయాలిసిస్‌కి వెళ్ళే రోజని నువ్వే ఫిబ్రవరిలో రాశావు. ఆ మూడు గంటల్లో అది ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. మీ వదినకి కూడా. ఈ ఉత్తరం కూడా భద్రంగా పెట్టుకో. మార్చి 6ది పనికిరాకపోయినా ఇది పనికొస్తుంది.

అన్నయ్య


ప్రధాన కార్యాలయం, రెండో అంతస్తు
జూన్ 7

అన్నయ్యగారికి,

చీఫ్‌గారి గది బయట బెంచీ మీద పక్కపక్కనే నలభై నిమిషాలు కూర్చున్నాం. మీరు గొంతు సవరించుకున్నారు, నేను ఫైలు తిరగేశాను. రెండేళ్ళ తర్వాత ఒకరికొకరు ఎదురుపడి మనం మాట్లాడుకున్నది అంతే.

లోపల మీరే ముందు మూడు గంటల సంగతి చెప్పేస్తారని అనుకోలేదు. నా జేబులో మీ ఉత్తరాలు రెండూ ఉన్నాయి. తీయలేదు. అలా అని మీ మీద జాలి పడ్డానని అనుకోవద్దు, పడలేదు. అత్తయ్యగారు వార్డులో ఎలా ఎగపోశారో నేను చూశాను, మీరు చూడలేదు. ఆ మూడు గంటలు నేను మర్చిపోను. నా తేదీని కూడా మర్చిపోను.

మీరు బయటికెళ్ళాక చీఫ్‌గారు నాతో అన్నారు: "ఒకరి మీద ఒకరు చెప్తారని మధ్యాహ్నమంతా ఖాళీ పెట్టుకున్నానయ్యా. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఇప్పుడెవర్ని తీసెయ్యను?" నాకు ప్రమోషను ఆగింది. మీకు ఏడాది ఇంక్రిమెంటు పోయింది. కొత్త అచ్చు మీరు సంతకం పెడితేనే వాడాలట, గది మీ దగ్గరే ఉంటుందట. నా ఖర్మ.

కొత్తది పంపుతున్నాను. గడియారం చచ్చి ఉంటే మెషీను లేచి ఏ రోజునీ నమ్మదు, మనిషి వచ్చి టైము పెట్టేదాకా గంట కొడుతూనే ఉంటుంది. మీ ముప్పై ఒకటో మెట్టు ఇప్పుడు మొదటి మెట్టు. బ్యాటరీల అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను. ఇక ఫైళ్ళ మీద కొట్టే తేదీ. అది నేను పెట్టను. లోపల ఏమీ లేదు, ఖాళీ. కట్టేవాళ్ళే ఇవ్వాలి, ఇవ్వకపోతే కట్టదు. ఏది ఇచ్చినా ఇప్పుడు పంపులకి నష్టం లేదు. మీ ఇష్టం.

తోడల్లుడు


పంపుహౌసు క్వార్టర్స్
జూన్ 16

తమ్ముడికి,

మూడు గంటల సంగతి మీ వదినకి చెప్పాను. పుట్టింటికి వెళ్తానంది. పుట్టిల్లంటే ఇప్పుడు మీ ఇల్లే కదా అన్నాను. వచ్చే ఆదివారం వస్తోంది. నాలుగు రోజులు ఉంచుకుని పంపు. నేను రావచ్చో లేదో అత్తయ్యగారిని అడిగి రాయి. నిన్ను అడగటం లేదు.

నీ కొత్త అచ్చుకి వంకలు పెడదామని రెండు రోజులు కూర్చున్నాను. చిన్న కార్డు పెట్టాను, వద్దంది. కంప్యూటరు డిస్కు పేరిచ్చాను, మొండికేసింది. మధ్యలో కార్డు పీకాను, తిట్టింది, మర్యాదగానే. ఒక కంట్రోలరు కరెంటు తీసి పెట్టాను, గంట కొట్టి కొట్టి ఫిట్టరు చెవులు మూసుకున్నాడు. సంతకం పెట్టాను. కాగితం జతచేశాను.

సంతకానికి ముందు తొమ్మిది కార్డులకీ కొత్త ఇమేజ్ కట్టాను. కమాండ్ కొట్టగానే నల్ల తెర మీద తెల్లక్షరాలు వచ్చాయి: "తేదీ ఇవ్వండి." ఫిట్టరు నా భుజం మీంచి చూస్తున్నాడు. ఇవాళ్టిది ఇవ్వండి సార్ అన్నాడు. వాణ్ణి టీ తెమ్మని పంపేశాను.

ఆ రోజు ఏమన్నానో నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు. ఇకమీదట రోజూ పొద్దున ఫైళ్ళ జాబితా తెరిచినప్పుడల్లా గుర్తొస్తుంది. జూన్ 19. నా చేత్తో నేనే టైపు కొట్టాను.

అన్నయ్య